మాట మీద చేస్తున్న పొలం

నా పరిశోధన ఇంటర్వ్యూ కోసం ఇచ్చిన సమ్మతి పత్రాన్ని ఆ పెద్దాయన రెండు చేతులతో అందుకుని, మనవరాలి చేత లోపలి నుంచి కళ్లజోడు తెప్పించుకుని, రెండు పేజీలూ పెదవులు కదుపుతూ చదివారు. చివర సంతకం కోసం గీసిన గీత దగ్గర వేలు ఆనించి, "ఇక్కడ నేను సంతకం పెడితే ఈ కాగితం ఎవరి దగ్గర ఉంటదమ్మా?" అని అడిగారు. యూనివర్సిటీలో మా గైడ్ గారి గదిలో, తాళం వేసిన బీరువాలో ఉంటుందని చెప్పాను. ఆయన కాగితం నలగకుండా నా చేతికి తిరిగి ఇచ్చేసి, "మీరు అడిగిందల్లా చెప్తానండి, సంతకం మాత్రం వద్దండి" అన్నారు. ముప్పై ఏళ్లుగా ఒక్క కాగితం ముక్క లేకుండా నాలుగెకరాలు మక్తాకు, అంటే కౌలుకు, చేస్తున్న మనిషి ఆయన. ఎవరినీ ఎన్నడూ కాగితం అడగలేదు కనుకనే ఆ పొలం అన్నేళ్లు ఆయన చేతిలో నిలిచింది. అటువంటి మనిషి అరుగు మీదికి నేను మొదటి రోజే సంతకం అడుగుతూ వెళ్లాను.

పీహెచ్‌డీలో గుణాత్మక పరిశోధన, అంటే అంకెలతో కాక మనుషుల మాటలతో చేసే పరిశోధన, నేర్చుకోవడం నా వరకు ఆ అరుగు మీదే మొదలైంది. అంతకుముందు ఏడాదిన్నర చదివినదంతా వృథా అని అనను గాని, అందులో ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో తెలిసింది మాత్రం అక్కడి నుంచే.

నా అంశం ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతులకు ఇచ్చే గుర్తింపు పత్రాలు. 2011లో వచ్చిన చట్టం రుణ అర్హత కార్డులను ప్రవేశపెట్టింది. దాని స్థానంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల గడువుతో సాగుదారు పత్రాన్ని ఇస్తుంది. ఆ పత్రం చేతిలో ఉంటే బ్యాంకు రుణానికి, పంటల బీమాకు, తుపాను వచ్చి పంట పోయినప్పుడు పెట్టుబడి రాయితీకి ఒక ఆధారం ఉంటుంది. అయితే ఆ పత్రం రావాలంటే ముందు ఒప్పందం మీద భూయజమాని సంతకం పెట్టాలి. గడువు పదకొండు నెలలే కదా, యజమాని హక్కుకు భంగం లేదని చట్టంలోనే రాసి ఉంది కదా, సంతకం పెట్టడానికి ఇబ్బంది ఏమిటని పట్నంలో కూర్చున్న వారికి అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ కౌలుదారుకు రక్షణ ఇచ్చిన 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం గురించి, పరిమితికి మించిన భూమిని తీసుకునే 1973 నాటి భూపరిమితి చట్టం గురించి నిన్న మొన్న జరిగినట్టు మాట్లాడే కుటుంబాలు గోదావరి డెల్టాలో ఇంకా ఉన్నాయి. తాత పడిన భయం మనవడికి పొలంతో పాటే వస్తుంది.

నేను ఎం.ఏ. అర్థశాస్త్రం చదివి వచ్చినదాన్ని. అంకెలంటే నమ్మకం ఎక్కువ. కార్డు, అంటే ఈ గుర్తింపు పత్రం, ఉందా లేదా అన్నదాన్ని ఒక చరరాశిగా పెట్టి, కులం, చదువు, విస్తీర్ణం, యజమాని ఊళ్లో ఉంటాడా లేదా అన్నవాటిని మరో పక్క పెడితే జవాబు వచ్చేస్తుందని అనుకున్నాను. నా గైడ్ సినాప్సిస్ (పరిశోధన ఎలా చేస్తానో ముందుగా రాసిచ్చే ప్రణాళిక) చదివి ఒక్క ప్రశ్నే అడిగారు: "కార్డు లేనివాళ్లలో, అసలు కార్డు అడగనివాళ్లు ఎందుకు అడగలేదో నీ టేబుల్ చెబుతుందా?" చెప్పదు. అడిగితే లేదనిపించుకున్నవాళ్లూ, అడగడమే తప్పనుకున్నవాళ్లూ నా టేబుల్లో ఒకే గడిలో పడతారు. ఆ ప్రశ్నకు జవాబు కోసమే నేను ఇటువైపు వచ్చాను, ఇష్టపడి వచ్చానని చెప్పలేను.

కోర్సువర్క్ గురించి ఎక్కువ చెప్పను. యూజీసీ నిబంధనల ప్రకారం చేయవలసిన క్రెడిట్లు చేశాను. ఒంటాలజీ, ఎపిస్టమాలజీ అనే మాటలను తడబడకుండా పలకడానికి ఒక సెమిస్టరు పట్టింది. గ్లేజర్, స్ట్రాస్‌లు 1967లో ప్రతిపాదించిన గ్రౌండెడ్ థియరీ, బ్రాన్, క్లార్క్‌లు 2006లో వివరించిన థీమాటిక్ అనాలిసిస్, ఇలా మనుషుల మాటల నుంచి అర్థాలు రాబట్టే పద్ధతులను పరీక్షకు చదివినట్టు చదివాను. నాకు బాగా గుర్తుండిపోయినవి మాత్రం రెండు సంగతులు. ఒకటి, ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎస్.సి. దూబే 1950ల మొదట్లో హైదరాబాద్ పక్కన శామీర్‌పేటను అధ్యయనం చేసినప్పుడు వెంట వేర్వేరు విభాగాల మనుషులతో ఒక బృందమే ఉంది. నా వెంట ఒక బ్యాగు, రెండు నోటుపుస్తకాలు, ఛార్జింగు నిలవని ఫోను ఉన్నాయి. రెండోది, ఎం.ఎన్. శ్రీనివాస్ కర్ణాటకలోని ఒక పల్లెలో 1948లో చేసిన ఫీల్డ్‌వర్క్ మీద తయారు చేసుకున్న నోట్సు 1970లో అమెరికాలో ఉండగా మంటల్లో కాలిపోవడం, ఆయన చివరికి జ్ఞాపకాల మీద ఆధారపడి పుస్తకం రాయడం. ఆ కథ విన్న రోజు నుంచి నేను ఫీల్డ్ నోట్సును ప్రతి రాత్రీ ఫొటో తీసి మరో రెండు చోట్ల దాచేదాన్ని. పద్ధతి గురించి ఎన్ని తరగతులు విన్నా ఇటువంటి భయాలే ఎక్కువ నేర్పుతాయి.

సంతకం సంగతి తేలడానికి రెండు నెలలు పట్టింది. ఎథిక్స్ కమిటీ ఆమోదించిన పత్రంలో సంతకం తప్పనిసరి. మౌఖికంగా ఇచ్చిన సమ్మతిని రికార్డు చేసుకుంటే చాలునని సవరణ కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నాను. "చదువురాని వాళ్లయితే వేలిముద్ర తీసుకోవచ్చు కదా" అని కమిటీలో ఒకరు సలహా ఇచ్చారు. వారిలో చాలామందికి చదువు వచ్చు. వచ్చు కనుకనే సంతకం పెట్టడం లేదు. ఈ మాట మర్యాదగా రాయడానికి నాలుగు చిత్తుప్రతులు అయ్యాయి. ఆఖరికి ఒప్పుకున్నారు. ఆ తరువాత నేను చేసినది ఏమిటంటే, పత్రంలోని విషయాన్ని మామూలు మాటల్లో చెప్పి, "మీకు ఇష్టమైతేనే చెప్పండి, మధ్యలో వద్దనిపిస్తే ఆపేయండి, ఫలానా సంగతి రాయవద్దంటే రాయను" అని అడిగి, వారి ఒప్పుకోలును రికార్డు చేయడం. ఇలా అడిగినప్పుడు ఒకాయన "మధ్యలో ఆపేత్తే మీకు డబ్బులు కోసేత్తారా అండి?" అని నా ఫెలోషిప్ గురించి జాలిగా ఆరా తీశారు. సమ్మతి పత్రంలో దానికి జవాబు లేదు.

ప్రశ్నల సంగతి ఇంకా ఘోరం. పైలట్ (ముందుగా చేసే ప్రయోగాత్మక విడత) కోసం పట్టుకెళ్లిన ఇంటర్వ్యూ గైడ్‌లో ముప్పై ఎనిమిది ప్రశ్నలు ఉన్నాయి. మొదటి ప్రశ్న, "మీరు కౌలు రైతా?" అని. ఊరి నడిబొడ్డున, నలుగురు వినేలా ఆ ప్రశ్న అడిగితే "కాదండి" అనే జవాబు వచ్చింది, అది కూడా నిన్ననే కౌలు ధాన్యం కొలిచి ఇచ్చి వచ్చిన మనిషి నోటి నుంచి. అది అబద్ధమని నోట్సులో రాసుకున్నాను. ఆరు నెలల తరువాత అదే పేజీ తిరగేస్తే నాకే సిగ్గేసింది. ఆ ఊళ్లో తనను తాను "కౌలు రైతు" అని చెప్పుకునేవారు లేరు. "ఫలానా వారి పొలం చేస్తున్నాం" అంటారు, "మక్తాకు చేస్తున్నాం" అంటారు, ఇచ్చేదాన్ని "శిస్తు" అంటారు. కౌలు రైతు అన్నది గ్రామ సచివాలయంలో ఫారం నింపేటప్పుడు వినిపించే మాట. అటువంటి మాటతో నేను అడిగితే వాళ్లకు నేను సచివాలయం నుంచి వచ్చినట్టే వినిపించింది.

ముప్పై ఎనిమిది ప్రశ్నలనూ పక్కన పెట్టి, "ఈ పొలం మీ చేతికి ఎలా వచ్చిందో చెప్పండి" అన్న ఒక్క మాటతో మొదలుపెట్టడం నేర్చుకున్నాను. చెప్పడానికి తేలికే. కానీ మనిషి చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, గడ్డివాము వైపు చూస్తూ ఉన్నప్పుడు ఆ మౌనాన్ని నేను నింపకుండా కూర్చోవడం చాలా కష్టం. నా మొదటి అయిదు ట్రాన్స్‌క్రిప్టులు (రికార్డింగును విని మాటమాటా రాసుకున్న ప్రతులు) చూస్తే అవతలివారు ఊపిరి తీసుకున్న ప్రతిచోటా నేను దూరిపోయాను. "అంటే యజమాని ఒప్పుకోలేదన్నమాట?" అని నేనే జవాబు అందించడం, వారు "అంతేనండి" అనడం. ఆ "అంతేనండి"లన్నిటికీ నా గైడ్ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టారు. పదకొండు లెక్కకు వచ్చాయి. ఆ పదకొండూ నేను చెప్పిన మాటలే, వారివి కావు.

ఇంకొకటి కూడా ఆ టేపుల్లోనే దొరికింది. మొదటి విడతలో నేను మాట్లాడిన పదిమందీ మగవారే. చేసేవారు మగవారు కదా అన్నది నేను ఆలోచించకుండా తీసుకున్న నిర్ణయం. ఒక రికార్డింగులో ఆయన ఎకరానికి శిస్తు ఎన్ని బస్తాలో చెబుతున్నారు, "రెండు పంటలకీ కలిపి ఇరవై ఏడు బస్తాలండి" అని. వెనక వంటింట్లో నుంచి గిన్నెల చప్పుడు మధ్య ఒక గొంతు, "ఇరవై ఎనిమిది. కాటాలో పోయిన బస్తా ఎవరు లెక్కేత్తారు?" అంది. ఆయన విననట్టు ఊరుకున్నారు. ఆ రోజు నేనూ వినలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ట్రాన్స్‌క్రైబ్ చేస్తుంటే మూడోసారికి వినిపించింది. మళ్లీ వెళ్లి ఆవిడను "పిన్నిగారూ, మీతోనే మాట్లాడాలి" అని కూర్చోబెట్టుకుంటే, గోడ మీది క్యాలెండరు తిప్పి వెనకవైపు చూపించారు: ఏ తారీఖున ఎన్ని బస్తాలు వెళ్లాయి, ఎరువుల కొట్లో బాకీ ఎంత, దాళ్వాకు (రెండో పంటకు) నీరు ఏ రోజు వదిలారు, అన్నీ పెన్సిలుతో. ఏడాది తిరిగాక క్యాలెండరు మారుస్తారు కదా, పాతవి ఏం చేస్తారని అడిగాను. "అటక మీద ఉన్నాయమ్మా, పదమూడో పద్నాలుగో" అన్నారు. కాగితం లేని కౌలుకు కాగితాలు ఆ ఇంటి అటక మీద ఉన్నాయి. అక్కడి నుంచి రెండో విడత పూర్తిగా ఆడవారితోనే చేశాను. సినాప్సిస్‌లో ఈ విడత లేదు.

దీన్ని రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు చెప్పుకోవలసి వచ్చింది. "ముందు రాసిన డిజైన్‌ను మధ్యలో మార్చడమేమిటి?" అని ఒకరు, "ఇరవై నాలుగు మందితో పీహెచ్‌డీయా? శాంపిల్ సైజు ఏ ఫార్ములాతో తీశావమ్మా?" అని మరొకరు. ఈ రెండో ప్రశ్నకు సిద్ధపడే వెళ్లాను. గెస్ట్, బన్స్, జాన్సన్‌లు 2006లో రాసిన వ్యాసంలో పన్నెండు ఇంటర్వ్యూలకే కొత్త కోడ్లు (చెప్పిన మాటల్లోని విషయాలకు పరిశోధకులు పెట్టుకునే గుర్తులు) రావడం దాదాపు ఆగిపోయిందని చూపించారని, నావి దానికి రెట్టింపని చెప్పాను. కమిటీ తృప్తిపడింది. నేను పడలేదు. ఎందుకంటే ఆ వ్యాసం నేను పూర్తిగా చదివాను. వారు ఘనా, నైజీరియాల్లో అరవైమంది మహిళలతో చేసిన ఇంటర్వ్యూల మీద ఆ మాట అన్నారు. దాదాపు ఒకే రకమైన మనుషులను, దాదాపు ఒకే రకమైన ప్రశ్నలు అడిగినప్పుడని కూడా అన్నారు. నా వారిలో అరెకరం చేసేవారి నుంచి పన్నెండెకరాలు చేసేవారి దాకా ఉన్నారు. ప్రశ్నలు నెలనెలా మారాయి. పైగా బ్రాన్, క్లార్క్‌లు తరువాత రాసిన వ్యాసాల్లో తమ పద్ధతికి ఈ సంతృప్త స్థితి, అంటే కొత్తవి రావడం ఆగిపోవడం, అన్న కొలబద్ద సరిపోదని వాదించారు. అంకె అడిగినవారికి అంకె ఇచ్చి బయటపడ్డాను. అర్థశాస్త్రం అలవాటు అంత తొందరగా పోదు. థీసిస్‌లో మాత్రం ఆ వ్యాసాన్ని అలా వాడుకోలేదు. ఎక్కడ ఆపానో, ఎందుకు ఆపానో ఉన్నది ఉన్నట్టు రాశాను: ఫెలోషిప్ గడువు కూడా అందులో ఒక కారణమని.

ఇక నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను దాటిన వారానికి ఊళ్లో రోడ్డు పొడుగునా బరకాల మీద తడిసిన ధాన్యం ఆరబోసి ఉంది. తేమ 17 శాతానికి దిగితే తప్ప కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. రోజుకు నాలుగుసార్లు కాళ్లతో దున్ని తిరగేస్తూనే ఉన్నారు. నేను ఒకాయన పక్కన బరకం అంచున కూర్చుని మాట్లాడుతున్నాను, ఫోను మా ఇద్దరి మధ్య రికార్డు చేస్తోంది. అంతలో హైదరాబాద్‌లో ఉంటున్న భూయజమాని నుంచి ఆయనకు ఫోను వచ్చింది. చేతులకు ఊక అంటుకుని ఉండడంతో ఆయన స్పీకరు నొక్కి, ఫోను మోకాలి మీద పెట్టుకున్నారు. పంట నమోదు యజమాని పేరు మీద ఉంది కాబట్టి ధాన్యం డబ్బు ఆయన ఖాతాలోనే పడుతుంది. పడగానే శిస్తు మినహాయించుకుని మిగిలింది పంపుతానని యజమాని చెబుతున్నారు. ఇటువైపు నుంచి "అలాగేనండి, మీ ఇష్టమండి, ఎప్పుడైనా పర్లేదండి" అన్నవి తప్ప మరో మాట లేదు. ఫోను పెట్టేశాక ఆయన నా వైపు చూడలేదు. లేచి వెళ్లి ధాన్యం తిరగేయడం మొదలుపెట్టారు. మళ్లీ మాట్లాడింది అరగంట తరువాత, అదీ వాన మబ్బు గురించి.

పరిశోధకురాలిగా అది నాకు దొరికిన అత్యంత విలువైన మూడు నిమిషాలు. నా అధ్యాయం మొత్తం ఆ మూడు నిమిషాల్లో ఉంది. అయితే ఆ యజమాని నాకు సమ్మతి ఇవ్వలేదు. నేను వింటున్నానన్న సంగతే ఆయనకు తెలియదు. ఆ క్షణంలో నేను చేయి చాపి రికార్డింగు ఆపాలి. ఆపలేదు. ఆశ వల్ల ఆపలేదని నిజం ఒప్పుకోవాలి. ఆ రాత్రి మూడు నిమిషాలూ రెండుసార్లు విని, ఫైలులో ఆ భాగాన్ని తుడిచేసి, జరిగినదాన్ని గైడ్‌కు ఫోనులో చెప్పాను. ఆమె తిట్టలేదు. "నువ్వు అక్కడ కూర్చుని చూసినది నీ నోట్సులో రాసుకోవచ్చు, ఆ మనిషి మౌనం గురించి రాయవచ్చు. అవతలివాడి మాటలు మాత్రం నీవి కావు" అన్నారు. మరునాడు వెళ్లి ధాన్యం ఆరబోసిన ఆయనకు కూడా చెప్పాను. ఆయన కొంచెం నవ్వి, "తుడిపేసి మంచి పని చేశారండి. ఆరికి తెలిత్తే మాట వచ్చేది" అన్నారు.

మాట వస్తుంది. ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి.

నా థీసిస్ ఇంగ్లిషులో ఉండాలి కాబట్టి మొదట్లో ట్రాన్స్‌క్రిప్టులను అనువదించుకుని, ఆ అనువాదం మీదనే కోడింగ్ చేశాను. ఎక్సెల్‌లో ఒక నిలువు వరుస కోడ్లకు. అందులో అందరికన్నా ఎక్కువసార్లు వచ్చిన కోడ్ "ట్రస్ట్". కౌలు సంబంధం నమ్మకం మీద నడుస్తుంది, కాగితం అడగడం ఆ నమ్మకాన్ని దెబ్బతీస్తుంది, కనుక అడగరు: చక్కగా కుదిరింది. మరీ చక్కగా కుదరడంతో నా గైడ్‌కు అనుమానం వచ్చి, "తెలుగులో వాళ్లు వాడిన మాట ఏమిటి?" అని అడిగారు. వెనక్కి వెళ్లి తెలుగు ట్రాన్స్‌క్రిప్టులలో వెతికితే, పొలం చేసేవారు "నమ్మకం" అన్న మాట వాడినది చాలా తక్కువ. నేను "ట్రస్ట్" అని రాసిన చోట్లలో ఎక్కువ భాగం వారు అన్నది "మాట".

ఆ "మాట" కూడా ఒక్కటి కాదు. "మాట మీద చేస్తున్నాం" అంటే కాగితం లేదని అర్థం. "మాట ఇచ్చారు" అంటే ఫలానా ఏడాది దాకా పొలం తీయబోమన్నారని. "మాట వస్తుంది" అంటే నలుగురూ తప్పుపడతారని. "మాట పడాలి" అంటే తన తప్పు లేకపోయినా తల వంచుకుని వినాలని. "మాట్లాడుకుందాం" అంటే వచ్చే సార్వాకు (మొదటి పంటకు) శిస్తు పెంచబోతున్నారని. ఒకాయన అన్న వాక్యం ఇది: "మాట మీద ఇచ్చారండి, కాగితం అడిగితే మాట పోద్దండి." ఈ వాక్యంలో మొదటి మాటా, రెండో మాటా వేర్వేరు. మొదటిది ఒప్పందం, రెండోది ఒప్పందం కన్నా పెద్దదైన మర్యాద, లేదా అసలు ఆ ఊళ్లో మళ్లీ పొలం దొరికే అవకాశమే. రెండింటినీ నేను "ట్రస్ట్" అని ఒకే గడిలో పడేశాను, కార్డు అడగనివాళ్లనూ, అడిగి లేదనిపించుకున్నవాళ్లనూ నా పాత టేబుల్ పడేసినట్టుగానే.

మరి "నమ్మకం" అన్నది ఎవరి మాట? నేను మాట్లాడిన ఆరుగురు యజమానులది. "నమ్మకం మీద ఇచ్చామండి", "మా నాన్నగారి నుంచి ఉన్న నమ్మకం", "ఈ రోజుల్లో నమ్మకస్తుడు దొరకడం కష్టం". పొలం ఇచ్చేవారికి అది నమ్మకం, చేసేవారికి మాట. నమ్మడమో, నమ్మకపోవడమో ఇచ్చేవారి చేతిలో ఉంది. మాట పడకుండా చూసుకోవలసిన బరువు చేసేవారి మీద ఉంది. ఇంగ్లిషు అనువాదం మీద చేసిన కోడింగ్‌తోనే ఆగిపోయి ఉంటే యజమానుల మాటను తీసుకెళ్లి కౌలుదారుల నోట్లో పెట్టి, అదే నా ఫలితమని వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) నిలబడేదాన్ని. ఇప్పుడు కోడ్లన్నీ తెలుగులోనే ఉన్నాయి, "మాట-ఒప్పందం", "మాట-నింద", "మాట-బేరం" అని. థీసిస్‌లో ఆ పదాన్ని అనువదించకుండా అలాగే ఉంచి, ఏ అర్థంలో వచ్చిందో పక్కన వివరిస్తున్నాను. మొత్తం ట్రాన్స్‌క్రిప్టులను మళ్లీ మొదటి నుంచి చదవడానికి నాలుగు నెలలు పట్టింది. తెలుగులో పరిశోధన చేసి ఇంగ్లిషులో రాయవలసిన వారికి నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే, అనువాదాన్ని వీలైనంత ఆలస్యం చేయండి. పరీక్షకులకు ఎలా కనిపిస్తుందన్నది తరువాత చూసుకోవచ్చు.

పేర్లు మార్చడం గురించి కూడా రెండు మాటలు. పేరు మార్చితే గోప్యత అయిపోయిందనుకునే పొరపాటు నేనూ చేశాను. నాలుగు వందల గడపల ఊళ్లో, తుపాను వారంలో ఫలానా రోడ్డు మలుపు దగ్గర ధాన్యం ఆరబోసిన మనిషి ఎవరో తెలియడానికి పేరు అక్కర్లేదు. అందుకే ఇక్కడ కూడా కొన్ని వివరాలు అటూ ఇటూ మార్చే రాశాను. క్యాలెండరు వెనక లెక్కలు రాసిన ఆవిడ మాత్రం, "అది రాయండి, పర్లేదు. ఎవరి ఇంట్లో లేవు?" అన్నారు.

నన్ను అందరికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న నేను అడిగింది కాదు. ఫీల్డుకు వెళ్లిన మొదటి నెలలోనే, మంచినీళ్లు ఇస్తూనో, కుర్చీ వేస్తూనో, దాదాపు ప్రతి ఇంట్లో అడిగారు. "మీది ఏ ఊరమ్మా? మీకు పొలం ఉందా? మరి ఎవరు చేత్తన్నారు?" మొదట్లో "కొంచెం ఉందండి" అని దాటవేసేదాన్ని. నిజం ఏమిటంటే, మా నాయనమ్మ ఊళ్లో మాకు రెండున్నర ఎకరాలు ఉంది. మా నాన్నగారు బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరై విశాఖపట్నంలో ఉంటున్నారు. ఆ పొలాన్ని పద్నాలుగేళ్లుగా ఒకాయన చేస్తున్నారు, నాకు ఆయన చిన్నప్పటి నుంచీ "మావయ్యగారు". కాగితం లేదు. పండగకు ఆయన తెచ్చే బియ్యం తిని పెరిగినదాన్ని నేను. నా ఫెలోషిప్ రాని నెలల్లో నాన్న పంపిన డబ్బులో ఆ శిస్తు కూడా ఉండే ఉంటుంది.

కోర్సువర్క్‌లో పొజిషనాలిటీ, అంటే పరిశోధకురాలిగా నేను ఎక్కడ నిలబడి చూస్తున్నానన్న దాని గురించి ఒక పేజీ రాసి మార్కులు తెచ్చుకున్నాను: "నేను అగ్రకులానికి చెందిన, నగరంలో పెరిగిన స్త్రీని" వగైరా. అటువంటి పేజీలు ఇప్పుడు ఎవరి థీసిస్‌లో చూసినా నాకు గుడిలోకి వెళ్లేముందు చెప్పులు విప్పినట్టు అనిపిస్తుంది. విప్పాక ఇక వాటి గురించి ఎవరూ ఆలోచించరు. సంతకం పెట్టనన్న ఆ పెద్దాయనే ఆరో నెలలో ఒకసారి, నా జవాబు మొత్తం విన్నాక, "మరి మీ నాన్నగారు ఆయనకి సంతకం పెట్టారా అమ్మా?" అని అడిగారు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు, నేను ఆయన్ని అడిగినట్టే. "లేదండి" అన్నాను. "ఎందుకు పెట్టలేదంటారు?" అన్నారు. ఆ ప్రశ్న మాటకు మాట నా ఇంటర్వ్యూ గైడ్‌లో ఉంది. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఇంట్లో నేను ఎన్నడూ అడగలేదు.

అందుకని పోయిన వేసవిలో నాన్నను అడిగాను. కూతురిగా భోజనాల దగ్గర అడిగితే "నీకెందుకమ్మా అవన్నీ" అని తేలిపోయేది. అందరినీ అడిగినట్టే, సమయం ముందే చెప్పి, హాల్లో ఎదురుగా కూర్చుని, పరిశోధన దేని గురించో వివరించి మొదలుపెట్టాను. ఆయన బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు పనిచేసిన మనిషి కనుక, మౌఖికంగా చాలునని చెప్పినా వినకుండా, "ఫారం ఉంటుంది కదా, ఇవ్వు" అన్నారు. పాత సమ్మతి పత్రం ఒకటి ఫైలులో మిగిలి ఉంటే ఇచ్చాను. కళ్లజోడు సరిచేసుకుని, పెన్ను మూత తీసి, రెండు పేజీలూ చదివారు. రెండో పేజీ రెండుసార్లు చదివారు. తరువాత పెన్ను మూత పెట్టేసి, "ఇది యూనివర్సిటీలో ఉండిపోతుందా?" అని అడిగారు. అయిదేళ్లు ఉంటుందన్నాను. కాగితం టీపాయ్ మీద నా వైపు జరిపి, "సంతకం ఎందుకులేమ్మా. నోటితో చెప్తాను, రికార్డు చేసుకో" అన్నారు.

నలభై ఏడు నిమిషాలు మాట్లాడారు. "నమ్మకం" అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది. ట్రాన్స్‌క్రిప్టు పూర్తయింది గాని, దాన్ని యజమానుల అధ్యాయంలో ఏడో ఇంటర్వ్యూగా పెట్టాలో, పద్ధతి గురించిన అధ్యాయంలో పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. గైడ్ రెండోదే మంచిదంటున్నారు. ఈ నెలాఖరుకి డ్రాఫ్టు ఇవ్వాలి.